ఇల్లు కొన్నవారి పశ్చాత్తాపములు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అను సామెత ఇల్లు కట్టుకొనువారిని ఉద్దేశించి పుట్టినది. ఈనాడు పట్టణములలో చాలమంది ఇల్లు కట్టుట లేదు. కట్టిన ఇంటిని కొనుచున్నారు, లేదా కట్టబోవు ఇంటిని కాగితముమీద చూచి కొనుచున్నారు. కట్టువాని కష్టము వీరికి తప్పినది గాని విచారము తప్పలేదు. పైగా కట్టుకొన్నవానికి పునాది ఎంత లోతున్నదో, స్లాబునకు ఎన్ని దినములు నీరు పెట్టినారో తెలియును. కొన్నవానికి గోడమీది రంగు మాత్రమే తెలియును.

గృహప్రవేశమై ఒక వేసవి, ఒక వానకాలము గడచిన కుటుంబములను పలుకరించినచో వినవచ్చు విచారములు మూడు తరగతులుగా విడివడును. గోడల రంగు నచ్చలేదు, అలమరలు చాలలేదు అనునవి మొదటి తరగతి. ఇవి కొద్ది ధనముతో సరిచేసికొనదగినవి. ఇల్లు కురియుచున్నది, గదులకు గాలి లేదు, నేల జారుచున్నది అనునవి రెండవ తరగతి. వీనిని సరిచేయవచ్చును గాని ఖర్చును, శ్రమయు అధికము. స్థలము చెరువు గర్భములో నున్నది, అమ్మినవానికి హక్కు లేదు, వాయిదా జీతములో సగము మ్రింగుచున్నది అనునవి మూడవ తరగతి. వీనికి మందు దొరకుట కష్టము. చిత్రమేమనగా, మనము ఆలోచనకు వెచ్చించు కాలము దీనికి తలక్రిందులుగా నుండును. నేలపలకల రంగు ఎన్నుకొనుటకు కుటుంబమంతయు నాలుగు దుకాణములు తిరుగును. దస్తావేజులు చదువుట మాత్రము ఒక్క సాయంకాలములో ముగియును. పశ్చాత్తాపములలో పెద్దవి చాలవరకు ఈ తారుమారునుండియే పుట్టుచున్నవి.

మొదట నీటిమాట. ఇంటిని మార్చవచ్చును, ఇల్లు నిలిచిన నేలను మార్చలేము. నీరు తన పాత దారిని మరచిపోదు. 2020 అక్టోబరు నెలలో హైదరాబాదులో కురిసిన కుండపోత వానకు చెరువుల కట్టలు తెగి, దిగువనున్న కాలనీలు రోజుల తరబడి నీటిలో నానినవి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతమును ముంచివేసినది. ఆ ఇండ్లలో చాలవాటికి గోడలు గట్టివే. లోపము గోడలలో లేదు, ఇల్లు నిలిచిన పల్లములో నున్నది. 2024 జూలైలో హైదరాబాదున హైడ్రా అను సంస్థ ఏర్పడి, చెరువుల హద్దులలో వెలసిన కట్టడములను కూల్చసాగినప్పుడు, తమకు రిజిస్టరు దస్తావేజులున్నవనియు, బ్యాంకు ఋణము కూడ వచ్చినదనియు మొరపెట్టుకొన్నవారు కలరు. ఆ మొర అబద్ధము కాకపోవచ్చును. కాని చెరువు పూర్తి నీటిమట్టమునకు లోపలనున్న నేల దస్తావేజు వలన మెట్ట కాజాలదు.

కావున వేసవిలో చూచి నచ్చిన స్థలమును వానకాలములో మరల ఒకసారి చూడవలెను. ఇరుగుపొరుగు గోడలపై నీటిమరక ఎంత ఎత్తున నున్నదో పరికింపవలెను. ఆ వీధిలో పాతికేండ్లుగా నున్న చాకలిని, కిరాణా కొట్టువానిని అడుగవలెను. వారికి అమ్మకముతో పని లేదు గనుక నిజము చెప్పుదురు. ఒక్కొక్కప్పుడు పేరే సాక్ష్యము పలుకును. హైదరాబాదులో మాసబ్ ట్యాంకు అను పేట కలదు. పేరులోని చెరువు నేడు కంటికి కానరాదు. కుంట, వాగు, చెరువు అను మాటలు గల పేర్లు వినగానే రెవెన్యూ పటము తెప్పించి, ఆ సర్వే నంబరు తెలంగాణలో శిఖము అనియు, ఆంధ్రమున పోరంబోకు అనియు వ్యవహరించు భూమి యగునో కాదో చూచుకొనవలెను.

తరువాత హక్కు మాట. రిజిస్ట్రేషను జరిగినది గనుక హక్కు స్థిరపడినదని మనలో ఒక నమ్మకము కలదు. రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేయును. అమ్మినవానికి అమ్ము అధికారము కలదని పూచీపడడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూరు రూపాయలు మొదలు ఆపై విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలెను. విక్రయపు ఒడంబడిక మాత్రమే వ్రాసికొన్నచో దానివలన ఆస్తిలో హక్కు పుట్టదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితముమీద చేతులు మారిన స్థలములు మన పట్టణముల శివారులలో కోకొల్లలు. అట్టి కాగితము యాజమాన్యమును బదిలీ చేయజాలదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగా తీర్పు చెప్పినది. ఇక పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూముల బదిలీపై 1977 నాటి చట్టము ఆంక్షలు విధించినది. చౌకగా వచ్చినదని అట్టి భూమి కొన్నవారు తరువాత చెల్లించు వెల అధికము.

కొనుటకు ముందు చూడవలసినవి మూడు. ముప్పది ఏండ్లకు తక్కువ కాని కాలమునకు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు. ఒక చేతినుండి మరియొక చేతికి ఆస్తి ఎట్లు వచ్చినదో తెలుపు లింకు దస్తావేజులు, మూలప్రతులతో సహా. పిత్రార్జితమైనచో వారసులందరి సంతకములు. అమ్మువాని అక్క పెండ్లియై దూరదేశమున నున్నదను మాట విన్నప్పుడు తొందరపడరాదు. ఆమె సంతకము వచ్చువరకు ఆగుటయే మేలు. బ్యాంకువారు కాగితములు చూచినారు గదా యని ఊరకుండుటయు సరికాదు. బ్యాంకు న్యాయవాది బ్యాంకు సొమ్మును కాపాడుటకు చూచును. మన సొమ్మును కాపాడుటకు మన న్యాయవాది వేరే యుండవలెను. అతని రుసుము ఇంటి వెలలో ఇసుకరేణువంత.

అపార్టుమెంటు కొనువారి విచారము తరచుగా కొలతలనుండి పుట్టును. 1500 చదరపు అడుగులని చెప్పిన ఇంటిలో, మెట్లు, లిఫ్టు, నడవా మొదలగు ఉమ్మడి భాగములు పోగా, నడచుటకు మిగులు నేల 1050 లేక 1100 అడుగులే యుండుట కద్దు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, జనులు రేరా అని పిలుచునది, ఈ గందరగోళమును తగ్గించుటకే కార్పెట్ ఏరియా యనగా నేమో నిర్వచించినది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలములో గాని ఎనిమిదికి మించిన ఇండ్లతో గాని కట్టు నిర్మాణములను నమోదు చేయింపక అమ్మజూపరాదు. ఒడంబడికను రిజిస్టరు చేయకుండ వెలలో పదవ వంతుకు మించి అడ్వాన్సు తీసికొనరాదు. ఇల్లు స్వాధీనము చేసిన నాటినుండి ఐదేండ్లలోపల నిర్మాణ లోపము బయటపడినచో కట్టినవాడు తన ఖర్చుతో సరిచేయవలెను. ఈ నియమములు తెలిసినవారు కొందరే. తెలిసియు వాడుకొనువారు మరియు తక్కువ. ఏ ఇల్లు కొన్నను, భూమిలో మన వంతు అవిభాజ్య భాగము ఎన్ని గజములో దస్తావేజులో వ్రాయించుకొనుట మరువరాదు. కట్టడము పాతబడును, భూమి నిలుచును.

ఇక ఋణము. నెలసరి వాయిదా ఎంత యని అడుగుదురే గాని, అందులో అసలెంత, వడ్డీ యెంత అని అడుగువారు అరుదు. ముప్పది లక్షల రూపాయలు నూటికి ఎనిమిదిన్నర వడ్డీతో ఇరువది ఏండ్లకు తీసికొన్నామనుకొందము. నెలవాయిదా సుమారు 26,035 రూపాయలగును. ఇరువది ఏండ్లలో చెల్లించునది 62 లక్షల 48 వేలు. మొదటి ఐదేండ్లలో మనము 15 లక్షల 62 వేలు కట్టుదుము. కాని అసలు తగ్గునది దాదాపు మూడున్నర లక్షలు మాత్రమే. ఐదేండ్లకు ఉద్యోగము మారి ఇల్లు అమ్మదలచినవారు బ్యాంకు లెక్క చూచి నిర్ఘాంతపోవుట ఇందువలననే. దీనికి ఉపాయము లేకపోలేదు. ఏటేట ఒక వాయిదా సొమ్ము అదనముగా అసలునకు జమకట్టినచో ఋణము మూడేండ్లకు పైగా ముందే తీరును. మారెడు వడ్డీపై వ్యక్తులు తీసికొన్న గృహఋణమును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించినది.

ఋణముతోపాటు రిజిస్ట్రేషను ఖర్చు, కరెంటు మీటరు, నీటి కనెక్షను, అలమరలు, గృహప్రవేశపు బంధుసత్కారము కూడ ఉండును. చేతిలోని చివరి రూపాయిని అడ్వాన్సుగా ఇచ్చి, వీనికొరకు నగలు కుదువపెట్టిన ఇంటిలో కొత్త ఇంటి సంతోషము ఎక్కువ దినములు నిలువదు.

రెండవ తరగతి విచారములలో మొదటిది ఇల్లు కురియుట. దీనికి కారణము చాలసార్లు స్లాబు వేసిన మొదటి వారములోనే యుండును. కాంక్రీటునకు బలము వచ్చునది ఎండుటవలన కాదు, తడిగా నుండుటవలన. సాధారణ సిమెంటునకు ఏడు దినములైనను, బూడిద మొదలగునవి కలిసిన సిమెంటునకు పది దినములైనను తడి ఆరనీయరాదనియు, వేడిగాలుల దినములలో ఎట్టి సిమెంటునకైనను పది దినములకు తగ్గరాదనియు భారత ప్రామాణిక నియమములు చెప్పుచున్నవి. మన వేసవిలో ఈ మాట మరింత ముఖ్యము. నీరు పెట్టని స్లాబు చీలికలు తేరును. చీలికలలో నీరు దిగి ఇనుప ఊచలు త్రుప్పుపట్టును. త్రుప్పు ఉబ్బి పెచ్చులూడును. అప్పుడు రంగు వేసినను, పైపూత పూసినను రోగము లోపలనే యుండును. కావున కట్టిన ఇంటిని కొనువారు వాన వెలిసిన మరునాడు పైకప్పు క్రిందికి, స్నానపుగది గోడ వెనుకకు వెళ్ళి చెమ్మ కలదేమో చేయి పెట్టి చూడవలెను. కొత్తగా రంగు పూసిన ఒక్క గోడ కనబడినచో అక్కడ రెండుసార్లు చూడవలెను.

ఇల్లు కొన్న తరువాత చేయు మార్పులలో కూడ విచారములకు కొదువ లేదు. హాలు విశాలమగునని గోడ తీసివేయుదురు. అది బరువు మోయు గోడయైనచో పై అంతస్తు దిగబడును. పాత ఇటుక ఇండ్లలో ప్రతి గోడయు బరువు మోయునదే కావచ్చును. ఇంజనీరును అడుగక సుత్తి ఎత్తరాదు. మూడు గదులకు నాల్గవది కావలెనని బాల్కనీకి అద్దములు బిగింతురు. ఒక గది వచ్చును, రెండు గదులకు గాలి పోవును. ఒక అంతస్తునకు వేసిన పునాదిపై మూడు అంతస్తులు లేపుదురు. అద్దమువలె మెరయు నేల వేయింతురు. తడి కాలితో నడచిన ముసలివారు జారిపడుదురు. వాస్తు పట్టింపు గలవారు కొనుటకు ముందే చూపించుకొనుట మేలు; కొన్న తరువాత మెట్లు కూల్చి వంటగది కదల్చుట ధనమునకును, కట్టడమునకును చేటు.

అన్నిటికంటె తక్కువ ఖర్చుతో ఎక్కువ సుఖమిచ్చు పని మన కంటికి ఆనదు. మన వేసవికి డాబాపై తెల్లని పూత వేసినచో ఎండవేడి చాలవరకు తిరిగిపోవును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమునే ప్రకటించినది. అలంకారపు కప్పులకు వెచ్చించు సొమ్ములో కొద్ది భాగము పైన పూయించినచో క్రింద పంకా క్రింద కూర్చున్నవారు దీవింతురు.

మరియొక మాట. ఇంటిలో అధిక కాలము గడుపువారు గృహిణులును, వృద్ధులును. ఇంటిని నిర్ణయించునప్పుడు వారి మాట అందరికంటె వెనుక వినబడును. వంటగట్టు ఎత్తు ఎంత యుండవలెనో వంట చేయువారే చెప్పగలరు. రాత్రివేళ స్నానపుగదికి ఎన్ని అడుగులో, గడప ఎంత ఎత్తో మోకాళ్ళు నొచ్చువారికే తెలియును. వారిని ముందుగా తీసికొనిపోయి చూపుటకు ఖర్చు లేదు.

చివరకు తేలునది ఒకటి. మరల మార్చలేని వానికి మొదట కాలమియ్యవలెను: నేల, నీరు, హక్కు, ఋణము. కష్టముతో మార్చదగిన వానిని తరువాత చూడవలెను: స్లాబు, గోడలు, గాలి, వెలుతురు. సులభముగా మార్చదగిన రంగులను, అలమరలను ఇంటిలో చేరి ఒక ఏడాది గడచిన పిదప, ఎండ ఎటు పడునో గాలి ఎటు వీచునో తెలిసికొని నిర్ణయించినను నష్టము లేదు. మొదటి నాలుగింటిలో ఏ ఒక్కటి సందేహముగా నున్నను, ఇంకొక సంవత్సరము అద్దె యింట నుండుట అవమానము కాదు. అద్దె యిల్లు నచ్చకున్న నెల గడువుతో విడువవచ్చును; తెలియక కొన్న యిల్లు మనలను అంత సులభముగా విడువదు.