ఉప్పునీటి అక్వేరియంలలో హానికర శైవలాల గుర్తింపు - సమగ్ర యాజమాన్యం

ఉప్పునీటి అక్వేరియంలలో గాజు పలకలు, ఇసుక, రాళ్లపై కొద్దిపాటి నాచు పెరగడం సహజమే. అయితే అది విపరీతంగా విస్తరించినప్పుడు పగడాలకు వెలుతురు అందదు. రాత్రివేళ నాచు శ్వాసక్రియ వల్ల నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గి చేపలు ఒత్తిడికి లోనవుతాయి. వాడుకలో 'నాచు' అనే ఒకే పేరుతో పిలిచే వీటిలో భిన్న వర్గాలకు చెందిన జీవులున్నాయి. ఒకదానిని అదుపు చేసే చర్య మరొకదానిని ఉధృతం చేయవచ్చు. కావున చికిత్సకు ముందు సరైన గుర్తింపు తప్పనిసరి.

గుర్తింపు లక్షణాలు

డయాటమ్‌లు: కొత్తగా ఏర్పాటు చేసిన అక్వేరియంలలో తొలి వారాలలో గోధుమ రంగు పొడిలా కనిపిస్తాయి. చేతితో తుడిస్తే సులువుగా పోతాయి. నీటిలో సిలికేట్ ఉండటం వీటికి అనుకూలం.

సయనోబాక్టీరియా: ఇవి నిజమైన శైవలాలు కావు. ముదురు ఎరుపు లేదా ఊదా రంగులో జిగురు పొరలా పరుచుకొని, లాగితే పొరగానే ఊడివస్తాయి. నీటి కదలిక తక్కువగా, సేంద్రియ వ్యర్థాలు ఎక్కువగా ఉన్నచోట ఇవి తరచుగా కనిపిస్తాయి.

డైనోఫ్లాజెల్లేట్లు: గోధుమ రంగు జిగట తీగలుగా, వాటిలో గాలి బుడగలు చిక్కుకొని కనిపిస్తాయి. పగలు పెరిగి, రాత్రి తగ్గినట్లుంటాయి. ఆస్ట్రియాప్సిస్ వంటి కొన్ని ప్రజాతులు విషపూరితమైనవి. వీటి వల్ల నత్తలు మరణించవచ్చు.

ఆకుపచ్చ శైవలాలు: డెర్బీసియా వెంట్రుకల వలె, బ్రయాప్సిస్ ఈకల వలె, వలోనియా మెరిసే ఆకుపచ్చ బుడగల వలె ఉంటాయి.

కంటికి డయాటమ్‌లు, డైనోఫ్లాజెల్లేట్లు ఒకేలా కనిపించవచ్చు. అనుమానం ఉన్నప్పుడు నమూనాను సూక్ష్మదర్శినిలో 400 రెట్లు పెద్దదిగా చూడాలి. సిలికా కవచం గలవి డయాటమ్‌లు. కశాభాల సహాయంతో చురుకుగా కదిలేవి డైనోఫ్లాజెల్లేట్లు. స్పష్టమైన కేంద్రకం లేని పోగులు సయనోబాక్టీరియా.

యాజమాన్య చర్యలు

1. ఆవిరైన నీటికి బదులుగా రివర్స్ ఆస్మాసిస్ ద్వారా శుద్ధి చేసిన మంచినీటినే చేర్చాలి. కుళాయి నీటితో సిలికేట్, నైట్రేట్, ఫాస్ఫేట్ ప్రవేశించవచ్చు. ఉప్పునీటిని చేర్చితే లవణీయత పెరుగుతుంది.

2. పగడాల అక్వేరియంలలో నైట్రేట్ లీటరుకు 5-10 మి.గ్రా., ఫాస్ఫేట్ 0.03-0.1 మి.గ్రా. ఉండేలా చూడాలి. నాచు దట్టంగా ఉన్నప్పుడు అదే పోషకాలను పీల్చుకొంటుంది. కావున పరీక్షలో తక్కువ విలువ వచ్చినంత మాత్రాన పోషకాల రాక ఆగిందని భావించరాదు.

3. మేతను చేపలు వెంటనే తినగలిగినంతే వేయాలి. ప్రోటీన్ స్కిమ్మర్‌ను శుభ్రంగా ఉంచాలి. నీటి కదలికను పెంచాలి. దీపాలను రోజుకు 8-10 గంటలకు పరిమితం చేయాలి.

4. వెంట్రుకల నాచును చేతితో తొలగించిన తరువాత టర్బో నత్తలను వదలాలి. వలోనియా బుడగలను పగలకుండా తీయాలి.

5. డైనోఫ్లాజెల్లేట్లు తరచుగా నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు శూన్యమైన అక్వేరియంలలో విజృంభిస్తాయి. అటువంటప్పుడు పోషకాలను ఇంకా తగ్గించడం పొరపాటు. వాటిని క్రమంగా పై స్థాయికి పెంచాలి. రాత్రి నీటిలోకి చేరే ఆస్ట్రియాప్సిస్‌కు అతినీలలోహిత స్టెరిలైజర్ ఉపకరిస్తుంది. తొలగించేటప్పుడు చేతి తొడుగులు ధరించాలి.

మందుల వాడకంలో జాగ్రత్త

ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు సయనోబాక్టీరియాను తగ్గించినప్పటికీ, అమ్మోనియాను మార్చే మేలుచేసే బాక్టీరియాకు కూడా హాని చేయవచ్చు. చనిపోయిన పొర కుళ్లి ప్రాణవాయువును హరిస్తుంది. మూలకారణం తొలగనందున సమస్య తిరిగి వస్తుంది. పైగా, విచక్షణ లేని వాడకం మందులకు లొంగని సూక్ష్మజీవుల వృద్ధికి దారితీస్తుంది.

తొలగించిన నాచును కాలువలలో గాని సముద్రంలో గాని వేయరాదు. 1984లో మొనాకో తీరంలో కనిపించిన కాలెర్పా టాక్సిఫోలియా అనే అక్వేరియం నాచు మధ్యధరా సముద్రంలో విస్తారంగా వ్యాపించింది. నాచును పూర్తిగా ఎండబెట్టి చెత్తలో వేయడం శ్రేయస్కరం.

పెంపకందారులు మందు కోసం సంప్రదించినప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా నమూనా, నీటి పరీక్ష ఫలితాలు, మేత పరిమాణం, దీపాల వ్యవధి తెలుసుకొని, ఆ తరువాతనే సిఫారసు చేయాలి. గుర్తింపు సరైనదైతే చాలా సందర్భాలలో మందు అవసరమే రాదు.