సీమ నిప్పుల మీద రొయ్యలు, బెండకాయలు

రొయ్యలు కోస్తా వాళ్ల తిండి అన్న మాట కర్నూలు, కడప ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఆ మాటకు కాలం చెల్లింది. 2009లో వనామీ రకం రొయ్యల సాగుకు అనుమతి వచ్చాక చెరువులు విపరీతంగా పెరిగాయి. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. నెల్లూరు సరుకు ఐసులో కొన్ని గంటల్లోనే కడప చేరుతుంది. మన రొయ్యలు ఎక్కువగా కొనే అమెరికాలో, లూసియానా వాళ్ల గంబో పులుసులో వాటికి తోడు తరచుగా బెండకాయే. ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించిన జనంతో ఆ కాయ అక్కడికి చేరింది.

బెండ జిగురు రొయ్యను పాడుచేస్తుందంటారు. గంబోను చిక్కబరచడానికి వాడేది ఆ జిగురునే కదా, అన్ని గంబోల్లో కాకపోయినా. అది వద్దనుకుంటే సీమ వేపుడు పద్ధతి ఉండనే ఉంది: కడిగి, తడి లేకుండా తుడిచి కోయాలి, మూత పెట్టకుండా పెద్ద మంట మీద వేయించాలి, ఉప్పు చివర్లో వేయాలి. రొయ్యలు విడిగా రెండు మూడు నిమిషాలు వేగితే చాలు, ఇంకా ఉంచితే రబ్బరులా సాగుతాయి. రెండూ కలిపి ఎండుమిరప, వెల్లుల్లి, చెనక్కాయల పొడి చల్లితే జొన్నరొట్టెలోకి అంతకన్నా మంచి జోడీ లేదు. బొగ్గుల మీద కాల్చాలంటే వెదురుపుల్లలను అరగంట నానబెట్టి, లేత బెండకాయను కోయకుండా, రొయ్యతో మార్చి మార్చి రెండేసి పుల్లలకు గుచ్చాలి. ఒక్క పుల్లకైతే తిప్పినప్పుడు రొయ్య జారి తిరిగిపోతుంది. ధర ఎక్కువనేది న్యాయమైన అభ్యంతరమే, కానీ అరకిలో బెండకాయలు తోడైతే పావుకిలో రొయ్యలు నలుగురికి సరిపోతాయి. ఐసు సరుకును అనుమానించేవాళ్లు వాసన చూసి కొనాలి: ఘాటుగా ముక్కుకు తగిలితే వదిలేయాలి.