గ్లూకోజు సెన్సరు అంకెలు: ఎంతవరకు నమ్మవచ్చును?

మధుమేహ రోగి శరీరములో చక్కెర యెంత హెచ్చినదో తెలిసికొనుటకు ఒకప్పుడు మూత్రమును బెనెడిక్టు ద్రావణముతో కాచి రంగు చూచెడివారు. నీలిరంగు మారనిచో చక్కెర లేదు. ఆకుపచ్చయైనచో కొద్దిగా ఉన్నది. ఇటుక ఎరుపైనచో మిక్కిలిగా ఉన్నది. తరువాత వ్రేలిని పొడిచి, ఒక్క రక్తపుబొట్టుతో కొలుచు గ్లూకోమీటరు వచ్చినది. ఇప్పుడు నాణెము వంటి చిన్న బిళ్ల నొకదానిని జబ్బ వెనుక అంటించుకొన్నచో చాలును. పది, పదునాలుగు దినములపాటు అది రాత్రింబవళ్లు కొలుచుచునే యుండును. అంకె ఫోనులో కనబడును. చిన్ననాటనే మధుమేహము వచ్చి, ఇన్సులినుపై ఆధారపడిన విద్యార్థులలో కొందరు ఇట్టి సెన్సరుతోనే బడికి వచ్చుచున్నారు.

ఇది గొప్ప సదుపాయమే. కాని ఈ అంకె ఒక్కొక్కప్పుడు తప్పును. తప్పిన అంకెను నమ్మి ఇన్సులిను తీసికొన్నచో ప్రాణమునకే ముప్పు రావచ్చును. తప్పు ఏల కలుగునో తెలిసినవారికి, అంకెను ఎప్పుడు నమ్మవలెనో, ఎప్పుడు సరిచూచుకొనవలెనో తెలియును.

సెన్సరు పనిచేయు విధము

బిళ్ల క్రింద వెండ్రుక వలె సన్ననైన తీగ యొకటి చర్మములోనికి కొన్ని మిల్లీమీటర్ల లోతున దిగియుండును. దానిపై గ్లూకోజు ఆక్సిడేజు అను ఎంజైము పూత యుండును. ఈ ఎంజైము గ్లూకోజును ఆక్సీకరించును. ఆ చర్యలో విడుదలయగు ఎలక్ట్రాన్లు కొన్ని సెన్సర్లలో హైడ్రోజన్ పెరాక్సైడు ద్వారా, మరికొన్నిటిలో ఆస్మియము సమ్మేళనము ద్వారా ఎలక్ట్రోడును చేరి, అతి స్వల్పమైన విద్యుత్ప్రవాహమును కలిగించును. దానిని ఆంపియరులో నూరుకోట్ల వంతులుగా కొలువవలెను. గ్లూకోజు హెచ్చినకొలది ప్రవాహము హెచ్చును. ఇట్టి ఎంజైము ఎలక్ట్రోడును లీలండ్ క్లార్కు, లయన్సు అను శాస్త్రజ్ఞులు 1962లో ప్రతిపాదించిరి. గ్లూకోజును నిరంతరము కొలుచు తొలి పరికరమునకు అమెరికాలో 1999లో అనుమతి లభించినది.

ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. సెన్సరు విద్యుత్ప్రవాహమును కొలిచి, దానినుండి గ్లూకోజును లెక్కకట్టుచున్నది. ఆ గ్లూకోజైనను రక్తములోనిది కాదు. చర్మము క్రింద కణముల మధ్యనుండు ద్రవములోనిది. తప్పులలో అధికభాగము ఈ రెంటినుండియే పుట్టుచున్నవి.

వెనుకబడు అంకె

దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక గిన్నెలో నీరు పోసి ఒక ఉష్ణమాపకము నుంచుడు. నీరు నింపిన పరీక్షనాళికను అదే గిన్నెలో నిలిపి, అందు రెండవ ఉష్ణమాపకము నుంచుడు. గిన్నెను సన్నని మంటపై వేడిచేయుచు, అరనిమిషమున కొకసారి రెండంకెలను వ్రాసికొనుడు. వేడెక్కునంతసేపు నాళికలోని అంకె వెనుకబడి తక్కువగా నుండును. మంట ఆర్పి గిన్నెలో చన్నీరు కలిపినచో, నాళికలోని అంకె కొంతసేపు ఎక్కువగా నుండును. కదపక విడిచినచో క్రమముగా రెండును ఒకటగును. ఉష్ణమాపకములలో దోషమేమియు లేదు. అవి కొలుచు చోట్లు వేరు.

గిన్నెలోని నీరు రక్తము వంటిది. నాళికలోని నీరు కణముల మధ్యనున్న ద్రవము వంటిది. రక్తములోని గ్లూకోజు ఈ ద్రవములోనికి వ్యాపించుటకు సాధారణముగా 5 నుండి 10 నిమిషములు పట్టును. భోజనానంతరము రక్తములో గ్లూకోజు నిమిషమునకు 2 మిల్లీగ్రాముల చొప్పున పెరుగుచున్నదనుకొందము. (ఈ వ్యాసములోని కొలతలన్నియు 100 మిల్లీలీటర్లకు లెక్క.) సెన్సరు 10 నిమిషములు వెనుకబడినచో, రక్తములో 180 ఉండగా 160 చూపును. ఆటలాడుచుండగా అదే వేగముతో దిగుచున్నచో, రక్తములో 65 ఉండగా 85 చూపును. రెండవది అపాయకరము. 70కి తగ్గుటయే చక్కెర పడిపోవుట యనబడును. 54కి తగ్గినచో మెదడు పని తడబడును. 85 అని చూచి నిశ్చింతగా నున్న బాలుడు అప్పటికే ఆపదలో నున్నాడన్నమాట.

తక్కిన కారణములు

సెన్సరున్న ప్రక్కకు ఒత్తిగిలి పరుండినచో, అచ్చటి కణజాలము నొక్కబడి రక్తప్రసారము తగ్గును. అప్పుడు అంకె హఠాత్తుగా పడిపోయి, నడిరేయి గంట మ్రోగును. ప్రక్క మార్చినచో కొంతసేపటికి అంకె తనంతట తానే పైకి వచ్చును.

తీగ గ్రుచ్చినచోట చిన్న గాయమగును. దానిని మాన్పుటకు శరీరము చేయు ప్రయత్నము వలన మొదటి దినమున అంకెలు నిలుకడగా నుండవు.

కొన్ని మందులు కూడ ఎలక్ట్రోడుపై ఎలక్ట్రాన్లను విడుచును. పారాసిటమాలు వలన కొన్ని సెన్సర్లు, అధిక మోతాదు విటమిన్ సి వలన మరికొన్ని, లేని చక్కెరను ఉన్నట్లు చూపును. ఏ సెన్సరునకు ఏ మందు పడదో దానితో వచ్చిన కాగితములో చదివి తెలిసికొనవలెను.

తయారీ దోషములును లేకపోలేదు. తన లిబ్రే 3 తరహా సెన్సర్లలో కొన్ని తప్పుగా తక్కువ అంకెలు చూపగలవని అబాట్ సంస్థయే 2025 నవంబరులో ప్రకటించినది.

తప్పిన అంకె ఫలితము

ఒక రోగికి 1 యూనిట్ ఇన్సులిను చక్కెరను 40 తగ్గించుననుకొందము. అతడు 120కి రావలెనని కోరుచున్నాడు. సెన్సరు 220 చూపినది. దించవలసినది 100, కనుక 2.5 యూనిట్లు తీసికొనును. నిజమునకు రక్తములో నున్నది 140 మాత్రమే యైనచో, అతనికి కావలసినది 0.5 యూనిట్ మాత్రమే. 2.5 యూనిట్లు పనిచేసినచో 140 కాస్త 40కి దిగును. ఇది స్పృహ తప్పించగల స్థితి. సెన్సరు తప్పుగా తక్కువ చూపినచో దీనికి విపర్యయము జరుగును: రోగి అక్కరలేని తీపి తినును, లేదా కావలసిన ఇన్సులినును మానివేయును.

ఏమి చేయవలెను?

మొదటిది, శరీరము చెప్పునది ఒకటి, అంకె చెప్పునది మరొకటి యైనప్పుడు వ్రేలిరక్తముతో పరీక్షించుకొనవలెను. చెమట, వణకు, ఆకలి, మాట తడబాటు కనబడుచుండగా సెన్సరు 110 చూపినను దానిని నమ్మరాదు.

రెండవది, పరీక్షకు ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకొనవలెను. మామిడిపండు తిన్న వ్రేలికి అంటిన రసమే మీటరును మోసగింపగలదు.

మూడవది, మీటరునకు కూడ తప్పు కలదని మరువరాదు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము, 100కు పైనున్న కొలతలలో నూటికి 95 అయినను అసలు విలువకు 15 శాతము లోపల నుండవలెను. 100కు లోపలివి 15 మిల్లీగ్రాముల లోపల నుండవలెను. నేటి మంచి సెన్సర్ల సగటు భేదము సుమారు 8 నుండి 10 శాతము. కావున సెన్సరు 150, మీటరు 162 చూపినచో అది తగవు కాదు. 150కి 230 వచ్చినచో ఆలోచింపవలెను.

నాల్గవది, మీటరుతో సరిదిద్దుకొనుటకు వీలున్న సెన్సరైనచో, అంకె నిలుకడగా నున్నప్పుడే ఆ పని చేయవలెను. పరీక్షనాళిక ప్రయోగమును జ్ఞప్తికి తెచ్చుకొన్నచో కారణము తెలియును. వేడెక్కుచున్నప్పుడు రెండంకెలను సరిపెట్టినచో, నిలుకడ వచ్చిన తరువాత ఆ సవరణయే తప్పగును.

అయిదవది, నిలుకడగా నున్నప్పుడును పెద్ద భేదము మరల మరల కనబడినచో, ఆ సెన్సరును తీసివేసి క్రొత్తది పెట్టుకొని, తయారుచేసిన సంస్థకు తెలుపవలెను. చర్మమునకు గ్రుచ్చకయే చక్కెరను కొలుతుమను చేతిగడియారములను, ఉంగరములను నమ్మి మందు తీసికొనరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో హెచ్చరించినది.

ఉపాధ్యాయులకు ఒక మాట

తరగతిలో మధుమేహమున్న విద్యార్థి చెమటలు క్రమ్మి తడబడుచున్నచో, మీటరు దొరకనప్పుడు అంకె కొరకు కాచుకొనరాదు. స్పృహలో నుండి మ్రింగగలిగినచో, సుమారు 15 గ్రాముల గ్లూకోజు గాని, చక్కెర గాని నీటిలో కలిపి ఇచ్చి, 15 నిమిషములు కనిపెట్టవలెను. ఆ సమయములో సెన్సరు ఇంకను తక్కువ అంకెనే చూపుచుండవచ్చును, అది వెనుకబడుటయే. దానిని చూచి మరల మరల తీపి పెట్టక, వ్రేలిరక్తముతో పరీక్షింపవలెను. స్పృహ లేనివాని నోట ఏమియు పోయరాదు. వెంటనే వైద్యుని వద్దకు చేర్చవలెను.

భౌతికశాస్త్ర పాఠములో కొలతల దోషములను గురించి చెప్పునప్పుడు స్క్రూగేజీ, వెర్నియరులతో పాటు ఈ బిళ్లను కూడ ఉదాహరింపవచ్చును. స్క్రూగేజీలో శూన్యాంశ దోషమును తీసివేయక వ్రాసినచో ఒక మార్కు పోవును. ఇచ్చట అంతకంటె ఎక్కువే పోవచ్చునని విద్యార్థులు గ్రహింతురు.