పెట్టిన తిండి ఒంట పట్టిందా?

మొన్నొక ఆదివారం ఇక్కడ నేవన్‌లో నాలుగు తెలుగు కుటుంబాలవాళ్ళం ఒకచోట కలిసి భోంచేశాము. పులిహోర, గుత్తివంకాయ, పెరుగన్నం అన్నీ అయ్యాక మాటలు ఎప్పటిలాగే చందాల మీదికి మళ్ళాయి. "ఈసారి ఊళ్ళో అంగన్‌వాడీకి ఏదైనా చేద్దామండీ. చూలింతలకు, చంటిపిల్లలకు పాలు, గుడ్లు అంటే కాదనేవాళ్ళు ఎవరుంటారు?" అన్నారొక మిత్రుడు. నిజమే, ఎవరూ కాదనలేదు. మేమిద్దరం మాత్రం కాసేపు మాట్లాడలేదు. దానికి కారణం ఉంది.

కొన్నేళ్ళ క్రితం మా ఊరి అంగన్‌వాడీకి పాలపొడి కొనమని మేము డబ్బు పంపాము. ఫొటోలు వచ్చాయి. పిల్లలు వరుసగా గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. చూసి మురిసిపోయాము, కనబడ్డవాళ్ళందరికీ చూపించాము. తర్వాత సెలవులకు వెళ్ళినప్పుడు, "పిల్లల బరువులేమైనా పెరిగాయా టీచరమ్మా?" అని అడిగాము. "కాటా పాడై చాలా రోజులైందండీ. పొడి ఇళ్ళకు పట్టుకెళ్ళినవాళ్ళు ఇంటిల్లిపాదీ టీలో కలుపుకున్నారు" అని ఆవిడ ఉన్నమాట చెప్పింది. తప్పు ఆవిడది కాదు. అడగవలసినవి ముందుగా అడగనిది మేమే.

ఇక్కడ మా పాప పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి వచ్చిన కొద్ది రోజులకే పబ్లిక్ హెల్త్ నర్సు ఇంటికి వచ్చింది. పాపను తూచి, కాగితం మీద రాసుకుంది. రోజూ వేయవలసిన విటమిన్ డి చుక్కల గురించి చెప్పింది. తర్వాత వచ్చినప్పుడు పాత అంకె పక్కన కొత్త అంకె వేసి చూసింది. అప్పుడు మాకది మామూలు పనిగానే కనిపించింది. పాలపొడి సంగతి తెలిశాక దాని విలువ తెలిసింది.

ఎంతమందికి పెట్టామన్నది ఒక లెక్క, పెట్టింది ఒంట పట్టిందా అన్నది మరొక లెక్క. ఈ రెంటికీ ఉన్న తేడా ఐర్లండ్‌వారికి కొత్త కాదు. 1847లో మహాకరువు మధ్య ప్రభుత్వం ఊరూరా గంజి కేంద్రాలు పెట్టింది. ఆ జూలై నాటికి రోజుకు 30 లక్షలమంది వాటి మీద బతికారు. అదే ఏడాది ఏప్రిల్‌లో లండన్ నుంచి అలెక్సిస్ సోయర్ అనే పేరుమోసిన వంటవాడు డబ్లిన్‌కు వచ్చి, చవకగా సూపు కాచి వేలమందికి పోశాడు. కడుపు నిండుతుంది సరే, అందులో పస ఎంత అని లాన్సెట్ వైద్యపత్రిక నిలదీసింది.

ఇక మన వైపు చూద్దాం. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే అంగన్‌వాడీల పథకం, 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకులలో మొదలైంది. ఆరేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, బడికి ముందు చదువు దానిలో భాగాలు. పథకం దేశమంతటికీ ఒక్కసారిగా రాలేదు, బ్లాకు తర్వాత బ్లాకుగా విస్తరించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ ఆలస్యాన్నే అవకాశంగా తీసుకున్నారు.

1987 నుంచి 1990 దాకా హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెలలో వారు ఒక పరిశీలన చేశారు. 15 పల్లెలలో పథకం అమలులో ఉంది. పక్కనున్న 14 పల్లెలకు అది ఇంకా రాలేదు. పరీక్ష కోసం ఎవరి నోటి దగ్గర కూడూ లాగవలసిన పని లేకుండానే, పోల్చి చూడడానికి రెండు జట్లు దొరికాయన్నమాట. పథకం ఉన్న పల్లెలలో మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా చేసి పెట్టేవారు. గర్భిణికి, బాలింతకు రోజుకు సుమారు 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు. పిల్లకు సుమారు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల మాంసకృత్తులు.

పుట్టిన బిడ్డల బరువులు పోల్చి చూస్తే తేడా దాదాపు 60 గ్రాములే వచ్చింది. ఇంత వంట, ఇంత ఖర్చు పెట్టి నాలుగు చెంచాల పంచదారంత బరువా అని మనలాంటి దాతలు అక్కడే పెదవి విరిచేవారేమో.

కాని కథ అక్కడితో ఆగలేదు. 2003 నుంచి 2005 దాకా సంజయ్ కిన్రా బృందం అవే పల్లెలకు మళ్ళీ వెళ్ళింది. ఉప్మా తిన్న పిల్లలు, తినని పిల్లలు అప్పటికి 13 నుంచి 18 ఏళ్ళవారు. దొరికిన 1165 మందిని పరీక్షించి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించారు. పథకం ఉన్న పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. అలాగని లావెక్కలేదు, ఒంట్లో కొవ్వు ఇరుపక్షాలా ఒకటే. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడాన్ని చూపే అంకె వీరిలో 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసూ తక్కువే. బడి చదువులోనూ వీరే కాస్త ముందున్నారని అదే పిల్లల మీద తర్వాత జరిగిన మరో పరిశీలన చెప్పింది.

నలభై దాటకముందే షుగరు మాత్రలు మింగే మన తెలుగువారికి ఇది చిన్న వార్త కాదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు, ఆ తర్వాత మొదటి కొన్నేళ్ళలో అందిన గరిటెడు ఉప్మా గుణం పదిహేనేళ్ళకు బయటపడింది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఏ పల్లెకు పథకం రావాలో చీటీలు వేసి నిర్ణయించలేదు కనుక ఊళ్ళ మధ్య ముందే తేడాలు ఉండి ఉండవచ్చు. ఆనాటి పిల్లలందరూ తిరిగి దొరకనూ లేదు. ఈ సంగతులను పరిశోధకులే దాచకుండా చెప్పారు.

ఇటువంటిదే దూరదేశం గ్వాటెమాలాలో జరిగింది. 1969 నుంచి 1977 దాకా నాలుగు పల్లెలలో రెంటికి మాంసకృత్తులున్న జావ, రెంటికి అవి లేని తీపి పానీయం పోశారు. రెండో జట్టుకూ ఏదో ఒకటి పోయడంలో మర్మం ఉంది. రోజూ కేంద్రానికి రావడం, నలుగురి పలకరింపు ఇరువురికీ సమానమైతే, మిగిలే తేడా తిండిదే అవుతుంది. పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ దాకా జావ అందిన మగపిల్లలు పెద్దవారయ్యాక గంటకు సంపాదించే కూలి సుమారు 46 శాతం ఎక్కువని 2008లో తేలింది.

పోలిక లేకుండా తీర్పు చెబితే ఎలా దారి తప్పుతామో చూడండి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒకపూట పూర్తి భోజనం, పాలు, గుడ్డు పెడుతూ వచ్చారు. మా పాలపొడిలా ఇంటికెళ్ళి టీలో కలవకుండా అక్కడే తినేట్టు చేయడం తెలివైన ఏర్పాటు. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్ళలోపు పిల్లలు 2015-16లో 28 శాతం ఉంటే, 2019-21 సర్వేలో 33 శాతం అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో రెండుసార్లూ 31 శాతమే. పథకం దండగ అందామా? భోజనం లేకపోతే ఆ అంకె ఎంత ఉండేదో ఈ సర్వే చెప్పదు. నీళ్ళు, విరేచనాలు, చిన్న వయసు పెళ్ళిళ్ళు, బిడ్డకు ఆరో నెల దాటాక పెట్టే తిండి, ఇవన్నీ ఆ ఎత్తులో కలిసి ఉంటాయి. పథకం బాగున్నదనడానికి గాని, లేదనడానికి గాని ఒక్క అంకె చాలదు.

కనుక మా మిత్రునికి మేము చెప్పిన జవాబు ఇది. డబ్బు ఇద్దాం. కాని ముందుగా పనిచేసే కాటా ఒకటి, ఎత్తు కొలిచే బల్ల ఒకటి కొనిద్దాం. పెట్టడం మొదలు కాకముందే పిల్లల బరువులు, ఎత్తులు రాయిద్దాం. ఎవరు వచ్చారు, అక్కడే తిన్నారా, ఏ బిడ్డ బరువు పెరగడం లేదు అన్న సంగతులు నెలనెలా టీచరమ్మను అడుగుదాం. ఆమెకు అది అదనపు చాకిరీ కనుక ఆ శ్రమకు తగ్గది ఇద్దాం. బరువు పెరగని బిడ్డ కనబడితే రాసుకుని ఊరుకోకుండా, తల్లితో మాట్లాడి డాక్టరు దగ్గరకు పంపే ఏర్పాటు చూద్దాం. పక్క ఊరి అంగన్‌వాడీ అంకెలు కూడా దొరికితే పోల్చి చూద్దాం.

"ఇంత చేస్తే పాలకు మిగిలేదెంతండీ?" అని ఆయన నవ్వారు. ఆ ప్రశ్న సబబైనదే. మా పాలపొడి డబ్బాల ఖరీదులో కొంత పెడితే ఒక కాటా వచ్చేది, మేము ఆ పని చేయలేదు. ఈసారి చేయాలని ఉంది. ఊళ్ళో అంగన్‌వాడీలకు సాయం చేసిన అనుభవం ఉన్న సభ్యులు వచ్చే సంచికకు నాలుగు ముక్కలు రాస్తే, మాలాంటివారు అదే పొరపాటు మళ్ళీ చేయకుండా ఉంటారు.