డ్రిల్ పాట: ఒక పదహారేళ్ల గాయకుని కథ

గత వార్షికోత్సవానికి పాటల ఎంపిక జరుగుతున్న రోజులలో, మాదాపూర్ నుంచి వచ్చే మా ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు తాను రాసిన పద్యాన్ని తెచ్చి మా బల్లమీద పెట్టాడు. పద్యమన్నది మా మాట. అతడు దానిని డ్రిల్ అన్నాడు. డ్రిల్ అనగానే మాకు పి.టి. మాస్టారు మైదానంలో వేయించే కసరత్తు గుర్తుకు వచ్చింది. ఆ మాట పైకి అంటే అతడు మర్యాదకు నవ్వి ఊరుకొన్నాడు. కాగితం నిండా తుపాకులే. పగవాని వీధి, నేలకొరిగిన మిత్రుడు, తీర్చుకోవలసిన బాకీ. హైటెక్ సిటీ అద్దాల మేడల వెనుక సందులో, ముగ్గురు తమ్ముళ్లతో ఒకే గదిలో చదువుకొనే ఈ కుర్రవాడికి అంతటి పగ ఎక్కడిదని ఆశ్చర్యపోయాము.

"ఇదంతా నీ బతుకేనా?" అని అడిగాము.

"కాదు సార్. డ్రిల్ అంటే అట్లనే ఉంటది" అన్నాడు.

కమిటీ పెద్దలు ఆ పాటను పక్కన పెట్టారు. మా అభిప్రాయం అడిగినప్పుడు మేము కూడా తల ఊపాము. అయితే ఏమిటో వినకుండానే తీర్పు చెప్పామన్న వెలితి మనసులో నిలిచిపోయింది. సెలవులలో ఆ విద్యార్థి చేతనే అడిగి తెలుసుకొని, విని, చదివి, మాకు బోధపడినంత ఇక్కడ విన్నవిస్తున్నాము.

డ్రిల్ అన్నది అమెరికాలోని షికాగో నగరపు దక్షిణ భాగంలో నల్లజాతి యువకుల వీధి పలుకుబడి. ప్రతీకారంగా ఎదుటివానిపై ఆయుధంతో దాడి చేయడమని దాని అర్థం. 2010 ప్రాంతంలో ఆ మాటే అక్కడి ఒక రకం ర్యాప్ పాటకు పేరయింది. ర్యాప్ అనగా తాళానికి ఒదిగేటట్లు మాటను పాడీ పాడనట్లు పలికే విద్య అనీ, 1970లలో న్యూయార్క్ నగరంలో పుట్టిన హిప్‌హాప్ సంస్కృతికి అది ఒక అంగమనీ మన విద్యార్థులకు తెలిసినదే. ఆ చెట్టుకు డ్రిల్ ఒక కొమ్మ. ఆ కొమ్మను లోకానికి చూపినవాడు కీత్ కొజార్ట్ అనే పదహారేళ్ల బాలుడు. చీఫ్ కీఫ్ అన్నది అతని తఖల్లుస్. చనిపోయిన మేనమామ పేరునే అతనికి పెట్టారు. 'కీఫ్' అన్నదీ ఆ మేనమామ వాడుక పేరే.

కీత్ 1995 ఆగస్టు 15న పుట్టాడు. తల్లి అప్పటికి ఇంకా బడి ఈడు దాటలేదు. అందుచేత పెంపకం అమ్మమ్మ చేతిలో సాగింది. వారు నివసించిన పార్క్‌వే గార్డెన్స్ చరిత్ర చెప్పుకోదగినది. 1950-55 మధ్య కట్టిన ఈ 35 భవనాల సముదాయం, నల్లజాతివారు సహకార పద్ధతిలో తామే సొంతం చేసుకొన్న తొలి నివాసాలలో ఒకటిగా పేరు పొందింది. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుని సతీమణి అయిన మిషెల్ ఒబామా పసితనంలో కొంతకాలం అక్కడే ఉన్నారు. గౌరవంగా బతకాలన్న ఆశతో లేచిన ఆ గోడల మధ్యనే, రెండు తరాలు గడిచేసరికి, వీధికొక ముఠా వెలసింది. పనులు పోయాయి, సొంతదారులు కిరాయిదారులయ్యారు, చంపబడిన యువకుల పేర్లు వీధులకు మారుపేర్లయ్యాయి.

ఐదేళ్ల వయసులో ఈ పిల్లవాడు తల్లి కరియోకీ యంత్రం ముందు కూర్చుని, ఖాళీ క్యాసెట్లలో తన గొంతు నింపుకొనేవాడట. పదిహేనేళ్లకు బడి మానేశాడు. 2011 డిసెంబరులో పోలీసులపైకి తుపాకి చూపాడన్న అభియోగంపై అరెస్టయ్యాడు. మైనరు గనుక న్యాయస్థానం అతనిని అమ్మమ్మ ఇంట్లోనే నిర్బంధంలో ఉంచింది. గడప దాటరాదు. ఆ గడప లోపలినుంచే, మిత్రులు నలుగురు చుట్టూ గంతులు వేస్తుండగా, 2012 మార్చిలో 'ఐ డోంట్ లైక్' అన్న పాట దృశ్యరూపంలో యూట్యూబ్‌కు ఎక్కింది. సంగీతం కూర్చిన యంగ్ చాప్ కూడా అప్పటికి 18 ఏళ్లవాడే. రంగస్థలం లేదు, వేషధారణ లేదు. ఒక ఇల్లు, కొన్ని చొక్కాలేని దేహాలు, ఒక కెమెరా, అంతే.

పాటలో బూతు చాలా ఉన్నది. తరగతిలో వినిపించదగినది కాదు. అయితే నిర్మాణం చూచి మేము కొంత ఆగిపోయాము. చరణం వెంట చరణం, అయిష్టాన్ని తెలిపే ఒకే పదబంధంతో ముగుస్తూ వస్తుంది. దానికి ముందు మాత్రం విషయం మారుతూ ఉంటుంది. ఉర్దూ చదివిన మన విద్యార్థులు దీనిని రదీఫ్ అని వెంటనే గుర్తుపడతారు. ఈ పిల్లవానికి గజల్ అంటే ఏమిటో తెలిసి ఉండదు, చెవికి తెలిసింది. ఇక తాళం సంగతి. డ్రిల్ నడకను సాధారణంగా నిమిషానికి 140 దెబ్బల చొప్పున లెక్కిస్తారు. గొంతు మాత్రం అందులో సగం వేగాన బద్ధకంగా సాగుతుంది. తరువాత లండన్‌లో పెరిగిన శాఖలో, తాళపు చిప్పల మీద 8 మాత్రలను 3, 3, 2గా విరుస్తారు. అనగా రెండు సూర్యగణాలు, చివర ఒక గురువు. ఛందస్సు పాఠం ఎందుకు సార్ అని అడిగేవారు దీనిని బల్లమీద వేళ్లతో ఒకసారి వాయించి చూడగలరు.

ఆ వేసవిలో అదృష్టం తరుముకొని వచ్చింది. షికాగోలోనే పెరిగిన ప్రఖ్యాతుడు కాన్యే వెస్ట్ మే నెలలో ఆ పాటను తన బృందంతో తిరిగి పాడి విడుదల చేశాడు. జూన్‌లో ఇంటర్‌స్కోప్ అనే పెద్ద రికార్డు సంస్థ ఒప్పందం రాసుకొన్నది. దాని విలువ 60 లక్షల డాలర్ల వరకు ఉండవచ్చునని పత్రికలు రాశాయి. డిసెంబరు 18న తొలి ఆల్బం 'ఫైనల్లీ రిచ్' వెలువడింది. అప్పటికి కీత్ వయసు 17.

అదే ఏడు షికాగో నగరంలో 500కు పైగా హత్యలు జరిగాయి. సెప్టెంబరు 4న, ఎదుటి పక్షాన పాటలు కట్టిన లిల్ జోజో అనే 18 ఏళ్ల యువకుని సైకిలు మీద వెళుతుండగా కాల్చి చంపారు. ఆ చావును ఎగతాళి చేస్తూ కీత్ ట్విట్టర్ ఖాతాలో ఒక సందేశం కనిపించింది. తన ఖాతాను ఎవరో దొంగిలించి రాశారని అతడు చెప్పాడు. లోకం నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? "నేను పాడేదంతా నిజం" అన్న హామీ మీదనే కదా ఆ పాట అమ్ముడుపోయింది!

మా దృష్టిలో ఈ కథకు కీలకం ఇక్కడే ఉన్నది. మన కావ్యలోకంలో కవికీ కావ్యంలోని 'నేను'కూ మధ్య ఒక తెర ఉంటుంది. రియాజ్ ఖైరాబాదీ (1853-1934) జీవితమంతా మధువును కీర్తించాడు. ఒక్క చుక్క ముట్టలేదని ప్రసిద్ధి. అందుకు ఆయనను అబద్ధాలకోరు అన్నవారు లేరు, తాగుబోతు అన్నవారూ లేరు. ఉమయ్యదుల కాలంలో జరీర్, ఫరజ్దఖ్ అనే ఇద్దరు అరబ్బు కవులు దాదాపు నలభై ఏళ్లపాటు ఒకరి వంశాన్ని ఒకరు దుమ్మెత్తి పోసుకొన్నారు. ఒకరు పాడిన ఛందస్సులోనే, అదే అంత్యప్రాసతో రెండవవాడు బదులివ్వాలన్నది నియమం. బస్రాలోని మిర్బద్ సంత అంతా గుమిగూడి వినేది. ఫరజ్దఖ్ మరణించినప్పుడు ఆయనకు స్మృతిగీతం చెప్పినవాడు జరీరే. మన తెలుగులో వేములవాడ భీమకవి వంటి తిట్టుకవుల కథలున్నాయి. వారి తిట్టు తగులుతుందని జనం భయపడ్డారు. తగిలేది పద్యమే తప్ప కవి చేతిలో కత్తి ఉన్నదని ఎవరూ అనుకోలేదు.

డ్రిల్ ఈ తెరను తీసివేసింది. తీసివేయడమే దాని సొగసు, దాని ధర. పాటలోని వీధి నిజమైన వీధి, పేరు నిజమైన పేరు, చనిపోయినవాడు నిజంగా చనిపోయినవాడు. అందుచేత విన్నవారు ముగ్గురూ దానిని వాఙ్మూలంగానే విన్నారు: పగవాడు, పోలీసు, వ్యాపారి. మొదటివాడు తుపాకి తీశాడు, రెండవవాడు ఫైలు తెరిచాడు, మూడవవాడు చెక్కు రాశాడు.

ఒక ఉదాహరణ చాలు. 2012లో ఒక సంగీత పత్రికవారు ఈ బాలుని తుపాకి కాల్పులు నేర్పే శాలకు తీసుకొని వెళ్లి, చేతికి తుపాకి ఇచ్చి, కాలుస్తుండగా ఇంటర్వ్యూ చిత్రించారు. ఆయుధం ముట్టరాదన్న షరతు మీద విడిచిపెట్టబడిన పిల్లవాడని వారికి తట్టకపోయి ఉండవచ్చు. 2013 జనవరిలో న్యాయమూర్తి ఆ షరతు ఉల్లంఘన కింద అతనికి 60 రోజుల నిర్బంధం విధించాడు. ఏర్పాటు చేసినది పెద్దవారు, జైలుకు పోయినది పిల్లవాడు. ఈ వాక్యం రాస్తున్నప్పుడు మా కలం కొంచెం గట్టిగానే ఒత్తినది.

తక్కిన భాగం త్వరగా చెప్పవచ్చు. 2014 అక్టోబరులో రికార్డు సంస్థ అతనిని వదిలించుకొన్నది. 2015 జూలైలో, సహగాయకుని మరణం తరువాత, కాలిఫోర్నియానుంచి తన కాంతిబింబాన్ని పంపి షికాగో సమీపాన ఇండియానాలో పాడబోతే, పాట మొదలైన కొద్దిసేపటికే పోలీసులు కరెంటు తీయించారు. మనిషి రాలేదు, నీడ వచ్చింది. నీడను కూడా ఉండనివ్వలేదు. మళ్లీ అతడు స్వయంగా తన ఊరి దరిదాపుల్లో పాడినది 2024 జూన్‌లో, అదీ నగరం వెలుపల బ్రిడ్జ్‌వ్యూలో. వయసు 28. ఆ ఈడు పాటగాళ్లు ఎందరో అప్పటికి సమాధులలో ఉన్నారు.

పాట మాత్రం ఆగలేదు. లండన్‌లోని బ్రిక్స్‌టన్ కుర్రవాళ్లు దానిని అందుకొన్నారు. 2018లో అక్కడి పోలీసుల కోరికపై యూట్యూబ్ 30 దృశ్యాల వరకు తొలగించింది; 2019 జనవరిలో నిషేధాజ్ఞను మీరి ఒక పాట పాడినందుకు ఇద్దరు గాయకులకు తొమ్మిది నెలల శిక్ష వేసి, అమలును నిలిపి ఉంచారు. లండన్ తాళం న్యూయార్క్ చేరి పాప్ స్మోక్ అనే యువకునికి కీర్తి తెచ్చింది. అతడు 2020 ఫిబ్రవరిలో ఇరవయ్యవ ఏట తుపాకికి బలయ్యాడు. పాటలోని మాటను నేరానికి సాక్ష్యంగా తీసుకోవడంపై కాలిఫోర్నియా రాష్ట్రం 2022లో చట్టం చేసి హద్దులు పెట్టింది. పోయిన తెరను శాసనం ద్వారా కొంత తిరిగి కట్టే ప్రయత్నమని మేము భావిస్తున్నాము.

మన తెలుగువారిలో డ్రిల్ కాకపోయినా ర్యాప్ ఉన్నది. కాలిఫోర్నియాలో తెలుగు దంపతులకు 1986లో పుట్టిన శ్వేతా యల్లాప్రగడ రావు చిన్ననాడే కూచిపూడి నేర్చి, పద్నాలుగేళ్ల ప్రాయానికే ర్యాప్ వైపు మళ్లి, తరువాత రాజకుమారి అన్న పేరుతో ప్రసిద్ధురాలైంది. ఆ పేరే ఒక వేషం, ఆమెకు ఒక రక్షణ. మన నగరంలో 2019 నాటికి దక్కనీ పలుకులో 'మియా భాయ్' ఏ సందులో చూచినా మోగినది. ఈ రెండు దారులూ మా విద్యార్థికి తెలుసు. అయినా షికాగో తుపాకినే ఎందుకు అరువు తెచ్చుకొన్నాడు? అడిగితే, "వాళ్లు భయపడరు సార్" అన్నాడు. తుపాకి గురించి అతడు ఏమీ చెప్పలేదని, తన భయం గురించే చెప్పాడని మాకు అప్పుడు అర్థమయింది. గత సంవత్సరం ఆ ప్రశ్న మేము అడగనే లేదు.

ఈ ఏడు అతడు కొత్త ప్రతి తెచ్చాడు. తాళం అదే, 3, 3, 2. పగవాని వీధి పోయింది. దుర్గం చెరువు వంతెన దీపాల కింద రాత్రి పన్నెండింటికి భోజనం పొట్లాలు మోసే అన్న వచ్చాడు, గది కిరాయి వచ్చింది, ఇంగ్లీషులో జరిగిన ఇంటర్వ్యూలో గొంతు పెగలని అక్క వచ్చింది. తుపాకి ఒక్కటి మిగిలింది. అది ఏటీఎం ముందు కాపలా కాసే వాళ్ల మేనమామ భుజాన ఉన్నది. అందులో తూటాలు ఉన్నాయో లేవో ఆయనకే తెలియదట. ఆ చరణం తీసివేయమని మేము చెప్పలేదు.

పాట నిడివి మూడు నిమిషాల పది సెకండ్లు. కాగితం మా బల్ల సొరుగులో ఉన్నది. ఈసారి కమిటీవారు దానిని చదవడానికి ముందు, ఆ కుర్రవానిని పిలిచి ఒకసారి వినవలసిందిగా మనవి.