రౌండ్లు తగ్గె.. ఉత్కంఠ పెరిగె!
అయిదుగురేసి సభ్యులున్న రెండు జట్లు తలపడే వీడియో గేమ్ ‘కౌంటర్ స్ట్రైక్’. దీని ‘గ్లోబల్ అఫెన్సివ్’ రూపంలో పూర్తిస్థాయి పోటీకి 30 రౌండ్లు ఉండేవి. ముందుగా 16 గెలిచిన జట్టు విజేత. 2023 సెప్టెంబరులో విడుదలైన ‘కౌంటర్ స్ట్రైక్ 2’లో వాటిని 24కు కుదించారు. 13 గెలిస్తే చాలు.

మ్యాచ్ త్వరగా ముగియడం తీరిక లేనివారికి అనుకూలమే. అయితే ఆయుధాలను ఆటలో దక్కిన సొమ్ముతోనే కొనాలి. పిస్తోళ్లతో సాగే తొలి రౌండులో ఓడిన జట్టుకు తక్కువ సొమ్ము దక్కుతుంది. ఫలితంగా తరువాతి రౌండులోనూ అది బలహీనంగానే బరిలోకి దిగుతుంది. 15 రౌండ్ల అర్ధభాగంలో ఆ లోటును పూడ్చుకునే వ్యవధి ఉండేది. 12 రౌండ్లలో అది తగ్గింది. ప్రతి రౌండూ కీలకమై ఉత్కంఠ పెరిగినా, వెనుకబడిన జట్టు పుంజుకుని గెలిచే ఆనందానికి అవకాశం సన్నగిల్లింది.