మత్తు డాక్టర్ దగ్గర ఏదీ దాచొద్దు

మీ నాన్నగారికి హెర్నియా ఆపరేషన్. చిన్నదే. కానీ ఆయనకు పదేళ్లుగా షుగర్, గుండెలో స్టెంట్, రాత్రంతా గురక. మత్తు డాక్టర్‌కు ఇది చిన్న కేసు కాదు.

చిట్కుల్‌లోని మహేశ్వర మెడికల్ కాలేజీ వంటి బోధనాసుపత్రికి వెళ్తే మిమ్మల్ని ముందుగా పరీక్షించేది సీనియర్ రెసిడెంట్ కావచ్చు. కుర్ర డాక్టరని కంగారొద్దు. ఎంబీబీఎస్ తర్వాత 3 ఏళ్ల పీజీ ముగించినవారు. ఇక్కడ వారు సాన పట్టుకునేది ముందుచూపును. బీపీ పడిపోతే ఈ గుండె తట్టుకుంటుందా? గొంతులో గొట్టం వేయడం కష్టమైతే రెండో దారేది? రాత్రికి ఐసీయూ కావాలా? వెనుక సీనియర్ వైద్యులు ఉంటారు.

క్లోరోఫామ్‌పై 1888, 1889ల్లో కమిషన్లు పనిచేసింది మన హైదరాబాద్‌లోనే. శ్వాసను కనిపెట్టుకుంటే చాలని అప్పట్లో తేల్చారు. చాలదని తర్వాత తెలిసింది.

అందుకే ఇన్ని ప్రశ్నలు. ఆగకుండా రెండంతస్తులు ఎక్కగలరా? ఊగే పన్నుందా? ఫ్యాక్టరీ దుమ్ములో ఏళ్లతరబడి పనిచేసి ఉంటే అదీ చెప్పండి. సిగరెట్, మందు సంగతి ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే విడిగా చెప్పండి. రక్తాన్ని పలచబరిచే మాత్రలు సొంతంగా ఆపేయొద్దు, స్టెంట్ మూసుకుపోవచ్చు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడేవారికి కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. మత్తులో ఉండగా తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

మామూలుగా తేలికపాటి ఆహారం 6 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. ‘కాస్త టీయేగా’ అని పెద్దాయనకు ఇవ్వకండి. పాలు కలిస్తే అదీ ఆహారమే.